ఆళ్లగడ్డలో అంబాసిడర్‌కు ఇంజన్ మార్చిన కథ

ఆ వేప మొద్దు ఇంకొంచెం లోపలికి తొయ్యి అబ్బీ. అమ్మీ, నువ్వు పొగ తగలకుండా ఇటు వచ్చి కూర్చో. సంక్రాంతి దాటినా నల్లమల గాలి తగ్గలేదు.

అబ్బీ, కొట్టంలో ఉండే అంబాసిడర్‌కు కరెంటు మోటారు పెడదామని అనుకుంటాండావంట గదా. మీ నాయన చెప్పినాడు. మంచి ఆలోచనే. ఆ బండికి ఇంజన్ మార్చడం కొత్తేం కాదు, ఒకసారి మా చేతులతోనే మార్చినాము. అప్పుడు ఎందుకు మార్చినామో, ఎట్ల మార్చినామో వింటే నీ పనికి అక్కరకొస్తాది.

మన పక్క ఈ మార్పులు నాకంటే ముందు తరం నుంచే ఉండె. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చింది. కర్నూలు జిల్లా అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బస్సుల వెనకాల ఇనప పీపా మాదిరి బొగ్గు పొయ్యి తగిలించినారు. క్లీనరు తెల్లారకముందే లేసి, చేత్తో బ్లోయర్ తిప్పి తిప్పి బొగ్గు రాజేయాల. ఆ గ్యాసు ఇంజన్లోకి పోతేనే బండి కదిలేది. ఎత్తు వచ్చిందంటే బలం చాలదు, జనం దిగి తోయాల్సిందే. మా నాయన ఆ బస్సులో కడపకు పెళ్లికి పోయి, తెల్ల పంచె బూడిదరంగు చేసుకొని దిగినాడని మా జేజి ఎన్నిసార్లు చెప్పేదో. అప్పుడు ఇంజన్ అదే, దానికి పెట్టే మేత మాత్రం మారింది.

యుద్ధం అయిపోయినాక మిలిటరీ వాళ్లు వదిలేసిన డాడ్జీలు, షెవర్లేలు, ఫోర్డులు రోడ్డు మీదికి వచ్చినాయి. అన్నీ పెట్రోలు తాగేవే. 1950ల్లో మద్రాసు సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు తెచ్చి ఈడ తయారుచేయడం మొదలుపెట్టింది. అందులో పీ6 అని ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండె. పాత అమెరికా లారీ పెట్రోలు ఇంజన్ దించి, ఆ పీ6 ఎక్కిస్తే లారీ ఓనరుకు పండగే. మా ఉస్తాద్ ఆ పని మద్రాసులో చూసి, నేర్చుకొని, నంద్యాలకు వచ్చి షెడ్డు పెట్టినాడు. నేను ఆయన దగ్గర చేరేటప్పటికి మీసం కూడా రాలేదు. మొదటి ఏడాదంతా పానాలు కిరసనాయిలుతో తుడిచి, సైజు ప్రకారం గోడకు తగిలించడమే నా పని. చీకట్లో చెయ్యి పెట్టినా కావాల్సిన పానా తగలాల. అట్ల నేర్పినాడు.

ఇక కార్ల సంగతికొస్తా. 1973లో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం వచ్చి పెట్రోలు ధర మండిపోయింది. 1979లో ఇరాన్ గొడవలతో ఇంకోసారి. లారీలు, ట్రాక్టర్లు, పంపుసెట్లు డీజిల్ మీద నడిచేవి కాబట్టి గవర్నమెంటు డీజిల్‌ను చవకగా ఉంచింది. కారు ఉండేవాడు పెట్రోలు బంకులో నిలబడి పక్క పంపు వైపు ఆశగా చూసే కాలం అది.

మా మేనమామ ఆళ్లగడ్డలో ఉండె. ఆయనకు 1966 నాటి మార్క్ టూ అంబాసిడర్ ఒకటి. ముందు గళ్ల గ్రిల్లు, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ. హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో, హిందుస్తాన్ మోటార్స్ ఫ్యాక్టరీలో పుట్టిన బండి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులను తెచ్చి ఈడ చేసినారు. ఇంజన్ 1489 సీసీ. అదే కుటుంబం ఇంజన్‌ను ఇంగ్లండులో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు పెట్టినారు. మా మామ బండిలో అదే ఇంజన్ పెళ్లికూతురిని, పెళ్లికొడుకును, ఇద్దరు తోటి పెళ్లికూతుళ్లను, మేనత్తలను, డిక్కీలో అరిసెల డబ్బాలను మోసేది. అహోబిలం యాత్రికులు బాడుగకు వస్తే, పారువేట ఉత్సవాల నెలల్లో బండికి తీరికే ఉండదు. అయితే లీటరుకు తొమ్మిది, పది కిలోమీటర్లు. బాడుగ డబ్బులు వచ్చినవి వచ్చినట్లే పెట్రోలు బంకుకు పోతాండె.

ఇందిరమ్మ పోయిన మరుసటి ఏడాది, అంటే 1985లో, మామ నంద్యాలకు వచ్చి మా షెడ్డు ముందర బండి ఆపి, "అల్లుడూ, దీన్ని అమ్మలేను, తిప్పలేను. డీజిల్ చెయ్యి" అన్నాడు.

కంపెనీ వాళ్లే 1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్ వదిలినారు. కానీ దాని బలం నలభై గుర్రాలు కూడా లేదు. ఆరుమంది ఎక్కి ఘాటు రోడ్డుకు పోతే ఆయాసపడేది. ఉస్తాద్ ఆలోచించి మటడార్ ఇంజన్ అన్నాడు. పూణే దగ్గర ఆకుర్డిలో బజాజ్ టెంపో వాళ్లు చేసే వ్యాను అది. ప్రతి ఊళ్లోనూ తిరుగుతాండె, సామాన్లకు కరువు లేదు. అప్పటికే విజయవాడ ఆటోనగర్లో, మద్రాసు పుదుపేటలో అంబాసిడర్లకు, జీపులకు డీజిల్ ఇంజన్లు ఎక్కిస్తాండ్రి. ఉస్తాద్ ఆటోనగర్లో యాక్సిడెంటు అయిన వ్యాను ఇంజన్ ఒకటి చూసి, చెయ్యి పెట్టి క్రాంక్ ఊపి, ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూసి బేరం చేసినాడు. గుంటూరుకు పత్తి వేసుకొని పోయిన నంద్యాల లారీ తిరిగొచ్చేటప్పుడు దాన్ని తెచ్చి ఆళ్లగడ్డలో దించింది.

పని మామ ఇంటి దగ్గరే పెట్టుకున్నాము. నంద్యాల షెడ్డులో చోటు లేదు, పైగా మామకు బండి కళ్ల ముందర ఉండాల. వాకిట్లో పెద్ద వేపచెట్టు. దాని కింద మూడు నీలగిరి దూలాలు నిలబెట్టి, పైన మోకుతో బిగించి, చైన్ పుల్లీ తగిలించినాము. బానెట్ విప్పి, రేడియేటర్ నీళ్లు వదిలి, జాయింట్ షాఫ్టు దించి, ఫౌండేషన్ నట్లు తీసి, పాత ఇంజన్‌ను గొలుసుతో లేపినాము. అది గాల్లో ఊగుతాంటే మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. ఆ బండిలోనే ఆమె కాపురానికి వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తా విను. మటడార్ ముందు చక్రాలతో నడిచే వ్యాను. దాని గేర్‌బాక్సు మనకు పనికిరాదు. అంబాసిడర్‌ది వెనక చక్రాలను తిప్పే బండి, గేర్‌బాక్సు దానిదే ఉండాల. మటడార్ ఇంజన్ వెనక మూతికి, అంబాసిడర్ బెల్ హౌసింగ్‌కు బోల్టు రంధ్రాలు ఒక్కటీ కలవవు. మధ్యలో మందపాటి ఇనప ప్లేటు ఒకటి చేయించాల. ఒక పక్క ఇంజన్‌ది, ఇంకో పక్క గేర్‌బాక్సుది. చూసేదానికి మామూలు ప్లేటే. అయితే గేర్‌బాక్సు షాఫ్టు కొన పోయి క్రాంకు వెనక ఉండే చిన్న బుష్‌లో కూర్చుంటాది. క్రాంకు, షాఫ్టు రెండూ ఒకే గీత మీద ఉండాల. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ బేరింగ్ అరుస్తాది, గేరు జారుతాది, బుష్ పొడి అయిపోతాది.

ఒక లేత్ షాపులో ప్లేటు చేయించినాము. బిగించినాము. ఇంజన్ మోగింది, ఊరంతా వచ్చింది, మామ టెంకాయ కొట్టినాడు. శిరివెళ్ల వరకు పోయేలోపే గేరు కడ్డీ చేతిలో వణకడం మొదలుపెట్టె. క్లచ్ తొక్కితే గీ అని సౌండు. ఉస్తాద్ మొహం చూస్తే నాకు దిగులు పుట్టింది. అన్నీ విప్పి చూస్తే బుష్ ఒక పక్కకు అరిగి ఉండాది.

మామ ఇంటికి నాలుగు ఇళ్ల అవతల ఒక శిల్పి ఆచారి గారు ఉండె. ఆళ్లగడ్డ శిల్పాల సంగతి మీకు తెలుసు గదా, దేశదేశాల గుళ్లకు ఈడి నుంచే విగ్రహాలు పోతాయి. ఆయన రోజూ సాయంత్రం వచ్చి, అరుగు మీద కూర్చొని, మాట్లాడకుండా మా పని చూసేవాడు. ఆ రోజు లేసి వచ్చి ప్లేటు చేతిలోకి తీసుకొని, "దీనికి నడుమ యాడ పట్టినారు?" అని అడిగినాడు. లేత్ షాపులో బోల్టు రంధ్రాలను కొలిచి, వాటి మధ్యన నడుమ పట్టినారు. ఆచారి గారు తల అడ్డంగా ఊపినాడు. "రంధ్రాలు ఇంజన్ కేసును పట్టుకొనేదానికి పెట్టినవి నాయనా. అవి ఒక పక్కకు ఎక్కువ, ఇంకో పక్కకు తక్కువ ఉండొచ్చు. తిరిగేది యాడ తిరుగుతాదో అది నడుమ. ముందు దాన్ని పట్టుకొని, తర్వాత రంధ్రాలు పెట్టుకోవాల. విగ్రహానికి మేము ముందు బ్రహ్మసూత్రం గీస్తాం, ముక్కూ కళ్లూ తర్వాత."

బ్రహ్మసూత్రం అంటే విగ్రహం నడినెత్తి నుంచి పాదాల మధ్యకు నిలువుగా దిగే గీత. అవయవాలన్నీ ఆ గీత నుంచి కొలిచి పెడతారు. ఆయన ఇంటికి పోయి వృత్తలేఖిని, తూకం గుండు కట్టిన దారం, బొగ్గు ముక్క తెచ్చినాడు. బెల్ హౌసింగ్ మూతి మీద కాగితం పరిచి బొగ్గుతో రుద్ది అచ్చు తీసినాడు. షాఫ్టు బేరింగ్ కూర్చునే గుండ్రటి గాడి మీద మూడు చోట్ల గుర్తులు పెట్టి, ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు గీత గీసి, ఆ గీతలను సగానికి నిలువుగా కోసుకుంటా పోయి, అవి కలిసే చోట చుక్క పెట్టినాడు. చక్రత్తాళ్వార్ చక్రానికి నడుమ ఇట్లే పడతాం అన్నాడు. ఇంజన్ పక్క కూడా క్రాంకు నుంచే అట్ల చేసినాడు. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి అడ్డం పట్టితే, పాత ప్లేటు ఎంత తప్పిందో కంటికే కనిపించింది.

అదే లెక్కతో రెండో ప్లేటు ఇంకోచోట చేయించి, బిగించేటప్పుడు ఉస్తాద్ డయల్ గేజీ పెట్టి క్రాంకు తిప్పి చూసినాడు. ముల్లు కదిలీ కదలనట్లు ఉండె. ఉస్తాద్ ఆచారి గారికి రెండు చేతులూ జోడించి దండం పెట్టినాడు. ఇంజనీరింగ్ కాలేజీలో నీకు ఎన్ని మిషన్లు చూపిస్తాండ్రో నాకు తెలీదు అబ్బీ, నా బతుకులో నేను చూసిన పెద్ద పాఠం ఆ వేపచెట్టు కిందే జరిగింది.

ఆచారి గారి దారం ఇంకో పనికి కూడా వచ్చింది. ఇంజన్ కొంచెం వెనక్కు వాలి కూర్చుంటాది. ఆ వాలు, వెనక డిఫరెన్షియల్ పినియన్ వాలు ఒకదానికొకటి సరిపోవాల. లేకపోతే షాఫ్టు క్రాసులు తిరిగేటప్పుడు ఒకటి తొందరపడితే ఒకటి వెనకబడి, బండి అంతా అదురుతాది. తూకం గుండుతో రెండు వాలులూ కొలిచి, ఫౌండేషన్ రబ్బర్ల కింద రేకులు పెట్టి సరిచేసినాము.

మిగతా పనులు గబగబా చెప్తా. మటడార్ ఇంజన్ ఆయిల్ చాంబర్ క్రాస్ మెంబర్‌కు తగులుతాండె. దాన్ని కోసి, అతికి, లోపల కిరసనాయిలు పోసి బయట సుద్ద పూసినాము. వెల్డింగులో సూదిమొనంత సందు ఉన్నా సుద్ద తడిసి చెప్తాది. క్లచ్ ప్లేటుకు చుట్టూ భాగం మటడార్‌ది, నడుమ పళ్లు ఉండే గుండు అంబాసిడర్‌ది, రెండూ కలిపి రివిట్లు కొట్టినాము. పెట్రోలు ట్యాంకు దించి కడిగి, నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్ వెనక్కు వచ్చేదానికి ఇంకో పైపు వేసినాము. హీటర్ ప్లగ్గులకు, సెల్ఫుకు పాత బ్యాటరీ చాలదు, పెద్దది పెట్టినాము. డీజిల్ ఇంజన్‌కు తాళం తీస్తే ఆగదు, పంపు దగ్గర డీజిల్ ఆపాల. దానికి డాష్‌బోర్డు కింద లాగే తీగ ఒకటి పెట్టినాము. మామ మొదటి రోజు తాళంచెవి జేబులో వేసుకొని ఇంట్లోకి పోతే, బండి వాకిట్లో తన పాటికి తాను మోగుతానే ఉండె. పిల్లలు దయ్యం పట్టిందని పరిగెత్తినారు.

డీజిల్ లైనులో గాలి తీయడం ఒక ఓర్పు పని. నిపుల్ వదులు చేసి, పంపు చేత్తో కొట్టుకుంటా ఉంటే బుడగలు వస్తాయి. బుడగలు ఆగి, సన్నటి ధార వచ్చేదాకా కొట్టాల. తొందరపడి ముందే బిగిస్తే సెల్ఫు కాలిపోతాది తప్ప ఇంజన్ పలకదు.

బరువు సంగతి మాత్రం నువ్వు బాగా గుర్తు పెట్టుకో. డీజిల్ ఇంజన్ పెట్రోలు దానికంటే బరువు. అంబాసిడర్‌కు ముందు పక్క కమ్మీలు ఉండవు, టార్షన్ బార్లు అనే ఉక్కు కడ్డీలు మెలి తిరిగి బరువు మోస్తాయి. కొత్త ఇంజన్ ఎక్కగానే బండి ముక్కు వంచింది. కడ్డీలు బిగించి లేపినాము. లేపిన తర్వాత చక్రాల వంపు మారుతాది కాబట్టి, నంద్యాలకు తెచ్చి అలైన్‌మెంటు చూపించినాము. బ్రేకు లైనింగులు నాలుగు చక్రాలకూ కొత్తవి వేసినాము. ఉస్తాద్ ఒక మాట మీద ఖచ్చితంగా ఉండె. పోయేదానికి ఎంత ఖర్చు పెట్టినామో, నిలిపేదానికి అంత ఖర్చు పెట్టకుండా బండి ఇచ్చేది లేదని. మామ సణిగినాడు గానీ ఇచ్చినాడు.

గాజులపల్లె దాటి, పచ్చర్ల మీదుగా గిద్దలూరు ఘాటుకు తీసుకుపోయి చూసినాము. బండి నిండా మనుషులు. దిగువమెట్ట వరకు ఎక్కడా ఆగలేదు. స్పీడు పాత దానంత లేదు, సౌండు ఎక్కువ, కిటికీ అద్దాలు గడగడలాడినాయి. లీటరుకు మాత్రం పద్నాలుగు తగ్గలేదు. మామ ఇంటికి వచ్చి లెక్క రాసుకొని, పెన్సిల్ చెవిలో పెట్టుకొని నవ్వినాడు.

ఆ తర్వాత కర్నూలుకు పోయి బ్రేకిన్‌స్పెక్టరుకు బండి చూపించి, కొత్త ఇంజన్ నంబరు, డీజిల్ అనే మాట ఆర్సీలో రాయించినాము. చాలామంది ఆ పని చేయరు. ఇంజన్ నంబరు ఒకటి, కాగితంలో ఒకటి ఉంటే యాక్సిడెంటు రోజు ఇన్సూరెన్సు వాళ్లు చేతులు దులుపుకుంటారు, ఆ ఇల్లు మునిగిపోతాది. అట్ల మునిగిన ఇళ్లు నేను చూసినా.

1991 నవంబరులో పీవీ నరసింహారావు గారు ప్రధానమంత్రిగా ఉండి నంద్యాల నుంచి పార్లమెంటుకు నిలబడినారు. తెలుగువాడు ప్రధాని అయినాడని తెలుగుదేశం పోటీ పెట్టలేదు. ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచినారు. ఆ నెల నంద్యాలలో ఎన్ని అంబాసిడర్లు, ఎన్ని జీపులు తిరిగినాయో! మా షెడ్డులో రాత్రీ పగలూ దీపం ఆరలేదు. మామ బండి కూడా చాగలమర్రి నుంచి పాణ్యం దాకా జనాన్ని మోసింది.

మామ పోయినాక బండి నా దగ్గరకు వచ్చింది. 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరును 80 కోట్లకు ఫ్రాన్స్ పెజో కంపెనీకి అమ్మేసినారు. ఆ రోజు పేపర్లో చదివి నేను అన్నం సరిగా తినలేదు.

అబ్బీ, నీ మోటారు సంగతి. నీకు బ్యాటరీల బరువు వెనక డిక్కీలో పడుతాది, మాకు ముందర పడింది, అంతే తేడా. కమ్మీలు, బ్రేకులు ముందు చూసుకో. మోటారుకు, షాఫ్టుకు మధ్య ప్లేటు వేయాల్సి వస్తే తిరిగే చోటి నుంచి నడుమ పట్టు. ఇప్పుడు చట్టం కూడా గట్టిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండాది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండి మార్చకూడదని చెప్పింది. పూణేలో ఏఆర్ఏఐ లాంటి సంస్థ ఒప్పుకున్న కిట్టు అయితేనే ముట్టుకో, ముందు ఆర్టీవో అనుమతి తీసుకో, తర్వాత పానా పట్టు.

ఇంకొక్క మాట, ఇది నీకే కాదు, పాత బండ్లు ఇంట్లో ఉండే అందరికీ. 2021 జులైలో సెంట్రల్ గవర్నమెంటు వింటేజ్ బండ్లకు కొత్త రూలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు కట్టి, వీఏ అక్షరాలు ఉండే ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు, పదేళ్లు చెల్లుతాది. కానీ చాసిస్, బాడీ, ఇంజన్ అసలువి ఉండాల, మార్చి ఉండకూడదు. మటడార్ ఇంజన్‌తో మన బండికి ఆ నంబరు రాదు. అయితే ఆ రోజు వేపచెట్టు కింద దించిన 1489 సీసీ ఇంజన్‌ను పాత ఇనుముకు వేయనీయలేదు ఉస్తాద్. సిలిండర్లలో ఆయిల్ పోసి, గోనెపట్టాలో చుట్టి, కార్బురేటర్, డైనమో, డిస్ట్రిబ్యూటర్ అన్నీ ఒక పెట్టెలో పెట్టించినాడు. అది ఇప్పటికీ మన కొట్టం అటక కింద ఉండాది, చేత్తో తిప్పితే తిరుగుతాది. మీరు బండికి ఏ ఇంజనైనా పెట్టుకోండి, కరెంటు మోటారైనా పెట్టుకోండి. దించిన ఇంజన్‌ను మాత్రం తూకానికి అమ్మొద్దు.